అర బంటు కన్నా తక్కువ

లియెపాయ రేవులో ముప్పైయొక్క ఏళ్ళుగా నాది ఒకటే పని.
చిన్న సుత్తితో ఓడ పొట్టమీద తట్టడం,
చెవి ఒగ్గి వినడం.
ఖంగుమంటే సంతకం.
గుల్లగా పలికితే సుద్దముక్కతో చుట్టూ సున్నా చుట్టి
రేకు మార్చమని రాయడం.

అందుకేనేమో గురువారం సాయంత్రాలు
చేపల డబ్బాల ఫ్యాక్టరీ పై అంతస్తులో
విజ్మా ఎదురుగా కూర్చుంటే
నా చూపుడువేలు బల్లమీద ఊరికే ఉండదు.

నల్లపావులు ఆమెవి.
ఒక బంటుని మొదట్లోనే మార్చుకుంటుంది.
మరో నాలుగింటిని తలా ఒక్క అడుగు జరిపి
ఇక చాలంటుంది.
వాటి వెనక శకట్లూ గుర్రాలూ
ఒకే దుప్పట్లో దూరిన పిల్లల్లా.
నడిమి గళ్ళన్నీ నావే.
ఇంత రాజ్యం,
శిస్తు కట్టేవాడు మాత్రం ఒక్కడూ కనపడడు.

మంత్రిని మూల పక్క గదికి పంపుతుంది.
ఏనుగుని ఒక గడి పక్కకి.
కాసేపాగి అదే ఏనుగుని మళ్ళీ వెనక్కి.
"ఏం చేస్తున్నావు?"
"ఎత్తు వేశాను."
"ఇదీ ఒక ఎత్తేనా?"
"నీ వంతు, ఇందులిస్."

పుస్తకాలు ఈ ఆరంభానికి ముళ్ళపంది పేరు పెట్టాయి.
విజ్మా తోటలో నిజంగానే ఒకటుంది.
అక్టోబరులో ఆకుల కుప్పకి నిప్పు పెట్టే ముందు
పారకర్ర తిరగేసి మెల్లగా కదిపి చూస్తుంది.
ఉందని తెలిస్తే, ఆ ఏడు ఆ కుప్ప అలాగే.

ఎల్జాకి పదిహేనేళ్ళు, జేబులో యంత్రం.
"తెలుపుకి లాభం, అర బంటు కన్నా తక్కువ" అంది.
"అంటే గట్టిదేనా?"
"అంటే అంతే."
బంటుని సగానికి కోసినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరిలో తేల్చేద్దామనుకున్నాను.
రాజు ముందరి బంట్లని తోలుకుంటూ పోయాను,
ఒకటి, ఇంకొకటి, దాని వెనకే ఏనుగు.
ఇరవై నాలుగో ఎత్తుకి
ఇన్నాళ్ళూ పలకని నడిమి బంటు
ఒక్క గడి, ఒక్కటంటే ఒక్కటే, కదిలింది.
మూల నుంచి మూలకి శకటు దారి తెరుచుకుంది.
ఆ చివర నా రాజు.
తలుపులు తీసిపెట్టింది నేనే.

మార్చిలో నేను గెలిచాను.
అరవై రెండు ఎత్తులు, ఏదీ తోలకుండా,
ఆ బంటుకి మెసిలే సందివ్వకుండా.
సంతకం చేస్తూ విజ్మా అంది:
"ఈసారి నువ్వూ కదల్లేదు. బాగుంది."
మెచ్చుకుందో, దెప్పిందో.

ఇక మిగిలింది ఒకటే, నేనే నల్లపావులతో ఆడి చూడటం.
వెంట్స్‌పిల్స్ నుంచి వచ్చిన కుర్రాడు, పేరు రైటిస్,
ముక్కు చీదుకుంటూ నిదానంగా ఆడాడు.
నా బంట్లు విజ్మా బంట్లు నిలబడ్డ చోటే నిలబడ్డాయి.
అంగుళం తేడా లేదు.
కానీ పదిహేడో ఎత్తుకి
ఖాళీగా కూర్చోవడం సిగ్గనిపించింది.
ఏదో ఒకటి చెయ్యాలనిపించింది.
చేశాను.
ఇరవై తొమ్మిదిలో చెయ్యి కలిపాను.

రేవుగట్టు ఎక్కిన ఓడ ఏదైనా పెద్దమనిషిలాగే ఉంటుంది.
సుత్తి చెప్పేది రేకు సంగతి మాత్రమే,
నవంబరు గాలికి నడిపేవాడి చెయ్యి
చుక్కాని మీద ఎలా ఉంటుందో
ఏ సుత్తీ చెప్పదు.
అయినా జీతం తీసుకున్నాను, సంతకాలు పెట్టాను.

నిన్న రాత్రి పాత తనిఖీ పుస్తకంలో
ఖాళీ పేజీ చూసి రాశాను:
రేకులు పల్చన.
అతుకులు దిట్టం.
తుప్పు పైపైన. ఒకచోట అనుమానం, సుద్ద గీశాను.
విజ్మా నడిపితే అనుమతి.
నేను నడిపితే

అక్కడ రాయడానికి ఇంకా ఏమీ దొరకలేదు.
ఈ గురువారం కిటికీ అద్దానికి మంచు పట్టింది.
కింద సార్డీన్ల వాసన.
ఆమె ఏనుగుని పక్కకి జరిపి
గడియారం నొక్కింది.